రామాంగ్‌ను ఆ ఒక్క డ్రాతోనే గుర్తుపెట్టుకుంటే ఎలా?

ఇండోనేషియా ఫుట్‌బాల్ గురించి, ఆ జట్టు స్ట్రైకర్ రామాంగ్ గురించి ఎవరు మాట్లాడినా చివరికి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ దగ్గరికే వస్తారు. నవంబర్ 29న సోవియట్ యూనియన్‌తో క్వార్టర్ ఫైనల్, అవతల గోల్ కాస్తున్నది ప్రపంచంలోనే గొప్ప గోల్‌కీపర్లలో ఒకడైన లెవ్ యాషిన్, అదనపు సమయం కూడా అయిపోయాక స్కోరు 0-0. రెండు రోజులకు మళ్లీ ఆడిస్తే సోవియట్ జట్టు 4-0తో గెలిచింది, ఆ తర్వాత బంగారు పతకం కూడా పట్టుకెళ్లింది.

ఆ డ్రా చిన్న విషయమేం కాదు. కానీ రామాంగ్ స్ట్రైకర్ కదా! గోల్స్ కొట్టడమే పనిగా ఆడినవాడిని ఒక్క గోల్ కూడా పడని మ్యాచ్‌తో గుర్తుపెట్టుకోవడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. ఆ రోజు యుగోస్లావియా నుంచి వచ్చిన కోచ్ టోనీ పొగాచ్నిక్ జట్టును దాదాపు మొత్తంగా డిఫెన్స్‌కే దింపాడు. గోల్ కొట్టే ఛాన్స్ ఒకటి వచ్చిందని, వెనక నుంచి తన చొక్కా పట్టుకుని లాగారని రామాంగ్ తర్వాత చెప్పుకున్నాడు.

రామాంగ్ ఇండోనేషియాలోని దక్షిణ సులవేసిలో బర్రు అనే చోట పుట్టాడు. పేములతో అల్లిన బంతిని కిందపడకుండా కాలితో ఎగరేసే ఆట అక్కడ పాతది, అతని తండ్రి అందులో పేరున్నవాడు. గాల్లో ఉన్న బంతి మీద రామాంగ్‌కు అంత పట్టు ఎక్కడిదంటే నాకైతే అక్కడే సమాధానం కనిపిస్తుంది. మకస్సర్ నగరానికి వచ్చాక లారీ మీద క్లీనర్‌గా చేశాడు, రిక్షా తొక్కాడు, అక్కడి ఫుట్‌బాల్ క్లబ్ పీఎస్ఎంకు ఆడాడు.

అతని అసలు మ్యాచ్ 1957 మే 12న జకార్తాలో జరిగింది. ప్రపంచ కప్ క్వాలిఫయర్‌లో చైనా మీద 2-0, రెండు గోల్సూ రామాంగ్‌వే, అందులో ఒకటి బైసికిల్ కిక్, అంటే గాల్లో వెనక్కి వాలి తల మీదుగా కొట్టేది. బీజింగ్‌లో తిరిగి ఆడిన మ్యాచ్‌లో 3-4తో ఓడి, రంగూన్‌లో పెట్టిన మూడో మ్యాచ్‌ను 0-0 చేసుకుని, మొత్తం గోల్స్ లెక్కలో ఇండోనేషియా ముందుకెళ్లింది. తర్వాతి ప్రత్యర్థి ఇజ్రాయెల్. తటస్థ వేదికలో అయితేనే ఆడతామని ఇండోనేషియా అంటే ఫిఫా ఒప్పుకోలేదు, జట్టు తప్పుకుంది. ఇలా ఒక్కో దేశం తప్పుకుంటూ పోతే ఆఖరికి వేల్స్‌ను తెచ్చి ఇజ్రాయెల్‌తో ఆడించారు, అలా వేల్స్ 1958 ప్రపంచ కప్‌కు వెళ్లింది. ఫామ్ మొత్తం చేతిలో ఉన్న రోజుల్లో రామాంగ్‌కు ఆ దారి మూసుకుపోయింది. మెల్‌బోర్న్ డ్రా కన్నా నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

1960లో లంచం ఆరోపణతో సస్పెండ్ చేశారు. రెండేళ్లకు తిరిగొచ్చినా ఆట మునుపటిలా లేదు. తర్వాత కోచింగ్ చేశాడు, పెద్దగా మిగిలిందేమీ లేదు. ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంటే ఆసుపత్రి ఖర్చు భరించలేక, మకస్సర్‌లోని చిన్న ఇంట్లోనే 1987 సెప్టెంబర్ 26న పోయాడు. పీఎస్ఎంను ఇప్పటికీ 'రామాంగ్ సేన' అని పిలుస్తారు. బతికున్నప్పుడు మందులకు డబ్బు సర్దలేని ఊరు, పోయాక విగ్రహం కట్టింది.

అదే మెల్‌బోర్న్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది, కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం, జట్టులో సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం. రామాంగ్ చైనాను ఓడించిన జకార్తాలోనే 1962లో రహీం జట్టు ఏషియన్ గేమ్స్ బంగారం గెలిచింది. మరుసటి ఏడాదే రహీం క్యాన్సర్‌తో చనిపోయారు. ఆయన గురించి ఇక్కడ ఎంతమంది పిల్లలకు తెలుసు?