సముద్రానికి ఎక్సెల్ షీటు పంపారా?

మధ్యధరా సముద్రంలోని ద్వీప దేశం మాల్టాకు స్కూబా డైవింగ్ కోసం వెళ్లదలచిన తెలుగు కుటుంబం ముందుగా వాట్సాప్ గ్రూపు పెట్టాలి, ఆపైన ఎక్సెల్ షీటు తెరవాలి. ఈ రెండూ లేకుండా విమానం ఎక్కినవాళ్లను యాత్రికులుగా గుర్తించడం కష్టం. షీటులో ఏడు రోజులు, రోజుకు ఆరు గడులు. ఆకుపచ్చ అంటే చూసి తీరాల్సిందే, పసుపు అంటే వీలైతే, ఎరుపు అంటే బావగారు వద్దన్నారు. ఇంత శాస్త్రీయమైన ప్రణాళికను మధ్యధరా సముద్రం లెక్కచేయకపోవడం విచారకరం.

దేశం ఎంపికలో మాత్రం షీటు రాసిన ఇంటి కమిటీని తప్పుపట్టలేం. 1964 దాకా బ్రిటిష్ వాళ్లు ఏలిన చోటు కాబట్టి బండ్లు ఎడమ పక్కనే నడుస్తాయి, ఇంగ్లీషు అధికార భాష. ప్లగ్గుకు మూడు పిన్నులే గానీ మన గుండ్రటివి పట్టవు, చదరపు పిన్నుల అడాప్టర్ కావాలి. దేశమంతా కలిపి 316 చదరపు కిలోమీటర్లు. ఇది విన్న మరిది వెంటనే 'ఒక్క రోజులో అయిపోతుంది' అని తేల్చేస్తాడు. హాల్ సాఫ్లియెని హైపోజియం అనే భూగర్భ శ్మశానం ఐదు వేల ఏళ్ల పైబడినది. జనం ఊపిరికే లోపలి రాయి పాడవుతుందని ఒక విడతకు పదిమందిని, రోజుకు ఎనభై మంది దాకానే దింపుతారు. టికెట్లు వారాల ముందే అయిపోతాయి. ఈ గడిలో కమిటీ 'అక్కడికెళ్లాక మాట్లాడుకుందాం' అని రాసింది. రాజధాని వాలెట్టాలోని సెయింట్ జాన్స్ కో-కెథడ్రల్ అనే చర్చిలో ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో గీసిన పెద్ద చిత్రం ఉంది. నేలంతా పాలరాతి సమాధి ఫలకాలు కాబట్టి సన్నని మడమల చెప్పులతో రానివ్వరు. ఫొటోల కోసం కొన్న కొత్త చెప్పుల సంగతి వదినగారికి చెప్పే పని ఎవరిదో షీటులో లేదు.

ఇక అసలు విషయం, డైవింగ్. సినిమాకు క్లైమాక్స్ చివర్లోనే ఉంటుంది గనుక డైవింగును ఏడో రోజు పొద్దున పెట్టి, సాయంత్రం ఆరింటికి విమానం పెట్టారు. లోతులో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒత్తిడికి రక్తంలోనూ కండరాల్లోనూ కరుగుతుంది. పైకి వచ్చాక నిదానంగా ఊపిరితో పోతుంది. అది పోకముందే విమానం ఎక్కితే, క్యాబిన్‌లో గాలి ఒత్తిడి ఆరేడు వేల అడుగుల కొండమీద ఉన్నంతే ఉంటుంది కాబట్టి, బుడగలు కట్టి కీళ్లలో చేరుతుంది. నరాల్లో చేరితే ఇంకా ప్రమాదం. ఒక్క డైవు చేస్తే కనీసం 12 గంటలు, రోజుల తరబడి చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. చాలా డైవింగ్ సెంటర్లు 24 గంటలంటాయి, అదే మేలు. అందుకే డైవింగ్ ముందు, గుళ్లూ కోటలూ చివర. కమిటీ దీన్ని విని, 'పైలట్‌ని మెల్లగా ఎక్కమందాం' అనే ప్రతిపాదనను పరిశీలనకు పంపింది.

అండమాన్‌లో ఒకసారి చెయ్యి పట్టుకుని దింపిన డైవుతో పెదనాన్నగారబ్బాయి నిపుణుడయ్యాడు. అతని గడిలో 'ఉమ్ ఎల్ ఫరూద్' అని ఉంది. 1995లో మాల్టా ఓడ మరమ్మతుల రేవులో పేలుడు జరిగి తొమ్మిదిమంది కార్మికులు చనిపోయిన ట్యాంకర్ అది. 1998లో వీద్ ఇజ్-జురీక్ తీరం ఎదుట డైవర్ల కోసం ముంచారు. పొడవు సుమారు 110 మీటర్లు. డెక్ పాతిక మీటర్ల లోతున, ఇసుక ముప్ఫై ఆరు దగ్గర. పరిచయ డైవుకు పరిమితి 12 మీటర్లు, మొదటి మెట్టు ఓపెన్ వాటర్ సర్టిఫికెట్‌కు 18, దాని పైమెట్టు అడ్వాన్స్‌డ్‌కు 30. లెక్క వేసుకోండి.

మాల్టాదే అయిన గోజో ద్వీపంలోని ద్వేరా గడి కూడా ఆకుపచ్చే, 'అజూర్ విండో దగ్గర ఫ్యామిలీ ఫొటో'. ఆ రాతి తోరణం 2017 మార్చి 8న తుఫానుకు కూలిపోయింది. దాని బండలు ఇప్పుడు నీళ్లలో ఉన్నాయి, డైవర్లే చూడగలరు. పక్కనే బ్లూ హోల్, నీళ్లలోంచే రాతి తోరణం దాటి బయటి సముద్రంలోకి పోయే దారి. అయితే ద్వేరా పడమటి తీరం. వాయవ్యం నుంచి మజ్జిస్ట్రాల్ గాలి లేచిందంటే అక్కడ దిగడమే కష్టం, అప్పుడు తీరం మార్చాలి. ఈశాన్యపు గ్రెగాలే వస్తే ఈశాన్య తీరం మూతబడి, ద్వేరా వైపు నిమ్మళంగా ఉంటుంది. కాబట్టి ఎక్కడ దిగాలో సెంటర్ వాళ్లు ఆ పొద్దున చెబుతారు. షీటులో గాలికి గడి లేదు.

నీళ్లలో మునగడానికి కట్టుకునే బరువుల బెల్టు దగ్గర మరో చిక్కు. మధ్యధరా నీళ్లలో ఉప్పు మన సముద్రాల కంటే ఎక్కువ, లీటరుకు 38 గ్రాముల లెక్క, కాబట్టి తేలడం కూడా ఎక్కువే. అక్కడ తరచు ఇచ్చేది ఉక్కు సిలిండర్. అండమాన్‌లో వాడిన అల్యూమినియం సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ పైకి లేస్తుంది, ఉక్కుది అలా లేవదు. పాత కిలోల లెక్క పట్టుకుపోతే పనికిరాదు. డైవు చివర సిలిండర్‌లో 50 బార్ ఒత్తిడి గాలి మిగిలినప్పుడు, బీసీడీ అనే గాలి జాకెట్‌లో గాలి తీసేసి, మామూలు ఊపిరితో కళ్ల మట్టానికి తేలితే బరువు సరిపోయినట్టు. ఆగస్టు, సెప్టెంబరుల్లో నీళ్లు 26 డిగ్రీల దాకా ఉంటాయి, ఫిబ్రవరిలో 15. కొలంబో హనీమూన్ టీషర్టు ఈ పనికి చాలదు, నీళ్ల చలికి తగిన మందం డైవింగ్ సూటు కావాలి.

వీసాకు 30,000 యూరోల బీమా తప్పదు. ఆ కాగితం కాన్సులేటుకు చాలుతుంది గానీ, చాలా పాలసీల్లో డైవింగ్ మినహాయింపో, లోతు పరిమితో సన్న అక్షరాల్లో ఉంటుంది. డైవింగ్ సెంటర్ ఇచ్చే ఆరోగ్య ప్రశ్నావళిలో ఆస్తమా, బీపీ లాంటివి దాచి అన్నిటికీ 'లేదు' కొట్టడం మన సంప్రదాయం. కొన్ని ప్రశ్నలకు 'అవును' ఉంటే డాక్టరు సంతకం అడుగుతారు, అది ఇక్కడే చేయించుకుని వెళ్లడం చవక. జలుబు మాత్ర వేసుకుని దిగారనుకోండి, మందు పని లోతులో ఆగిపోతే పైకి వచ్చేటప్పుడు చెవిలో గాలి ఇరుక్కుంటుంది.

సామాను గడిలో ఆవకాయ రెండు కిలోలు, నెయ్యి ఒక కిలో. పాల పదార్థాలు బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తేనివ్వరు కాబట్టి నెయ్యి విమానాశ్రయంలోనే ఆగుతుంది.

మాల్టాలోని చిర్కెవ్వా నుంచి గోజోకు ఫెర్రీ ఇరవై అయిదు నిమిషాలు. వెళ్లేటప్పుడు టికెట్ అడగరు, తిరుగు ప్రయాణంలో గోజో రేవులోనే రెండు వైపులకూ కలిపి వసూలు చేస్తారు. ఇది తెలిసి ఖర్చుల గడిలో సున్నా వేసిన కమిటీ, తిరిగి రావడానికి ఏ గడీ పెట్టలేదు.