జలపాతానికి సౌండ్ సరిపోవడం లేదు

జలపాతాల మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. వాటికి పాటలు రావు. వేల ఏళ్ళుగా అదే కొండ, అదే బండ, అదే హోరు. బీట్ లేదు, బాస్ లేదు, మధ్యలో ఈల వేసుకోవడానికి చోటు లేదు. సృష్టిలో ఇంత పెద్ద లోపం ఉందని మునులు కనిపెట్టలేకపోయారు. మన హైదరాబాద్ కుర్రాళ్ళు కనిపెట్టారు. కనిపెట్టి ఊరుకోకుండా, పాపం, బ్లూటూత్ స్పీకర్లు మోసుకెళ్ళి మరీ సరిదిద్దుతున్నారు.

ఈ సేవాకార్యక్రమాన్ని కళ్ళారా చూసే భాగ్యం నాకు నల్లమలలో మల్లెల తీర్థం దగ్గర కలిగింది. అక్టోబరు నెల, ఆదివారం. శ్రీశైలం రోడ్డులో మన్ననూరు చెక్‌పోస్టు దాటాక వటువర్లపల్లి దగ్గర పక్కకి తిరిగి, అడవిలోకి వెళ్ళి, అక్కడి నుంచి దాదాపు 350 మెట్లు దిగాలి. దిగాలి అన్నాను, గమనించండి. దీన్నే ఇప్పుడు ట్రెక్కింగ్ అంటున్నారు. అలిపిరి దగ్గర మొదలుపెట్టి 3,550 మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కి, దారి పొడుగునా మెట్టు మెట్టుకీ పసుపూ కుంకుమా పెట్టి, పైన గుండు చేయించుకుని వచ్చిన మా మేనత్త, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తాను ట్రెక్కింగ్ చేశానని చెప్పుకోలేదు. ఆవిడకి తెలీదు, పాపం.

నా ముందు దిగుతున్న కుర్రాడికి తెలుసు. చేతిలో కొండలెక్కే కర్ర, కాళ్ళకి పెద్ద బూట్లు, బ్యాగుకి తాళ్ళు బిగించుకునే ఇనప కొక్కెం. ఆ కొక్కేనికి బైకు తాళాలు వేలాడుతున్నాయి. బ్యాగులో బిర్యానీ పొట్లాలు, పేపర్ ప్లేట్లు, సీసాలు. అన్నిటికీ పైన, ఊరేగింపులో ఉత్సవ విగ్రహంలా, స్పీకర్.

కింద నీటి దగ్గరికి చేరేసరికి అప్పటికే రెండు స్పీకర్లు ప్రతిష్ఠించి ఉన్నాయి. ఎడమ పక్క బండ మీద ఒక బ్యాచ్, పెళ్ళి బరాత్‌లో కూడా ఎవరూ పెట్టనంత గట్టిగా డీజే పాట. కుడి పక్క ఇంకో బ్యాచ్, ఎవరో అమ్మాయి వదిలేసి వెళ్ళిందని ఏడుపు పాట. మధ్యలో జలపాతం, ఎవరి పక్షమూ వహించకుండా, పడుతూ ఉంది. మన కుర్రాడు మూడో స్పీకర్ తీసి ఆన్ చేశాడు. అతనిది రీమిక్స్. ఏడుపు బ్యాచ్‌కి తమ దుఃఖం తమకే వినపడక సౌండ్ పెంచారు. బరాత్ వాళ్ళు ఊరుకుంటారా? వాళ్ళూ పెంచారు. ఇంతలో నాలుగో బండ మీద బర్త్‌డే. కేక్ కోశారు. తినలేదు, మొహాలకి పూసుకున్నారు. పూసుకున్నది కడుక్కోవడానికే అక్కడ నీళ్ళు పడుతున్నాయని అనుకున్నట్టున్నారు. ఒకతను తన పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచాడు. "ఏమీ వినిపిస్తలేదురా, ఈ నీళ్ళ సౌండ్ ఒకటి!"

నేను ధైర్యం చేసి దగ్గరికి వెళ్ళాను. "తమ్ముడూ, కొంచెం తగ్గిస్తావా?"

"ఏమైంది అంకుల్? మంచిగనే ఉంది గదా. పాట నచ్చలేదా, మార్చాల్నా?"

ఆ మర్యాదకి నా దగ్గర సమాధానం లేదు. ఆ స్పీకర్ వాటర్‌ప్రూఫ్ అనీ, మీటరు లోతు నీళ్ళలో అరగంట ముంచినా దానికేం కాదనీ అతనే గర్వంగా చెప్పాడు. మీటరున్నర లోతులో గంటన్నర ఉంచితే ఏమవుతుందో తెలుసుకోవాలని నాకు బలంగా అనిపించింది. కేవలం శాస్త్రీయ దృష్టితో.

ఇంతకీ అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 2,611 చదరపు కిలోమీటర్లు. జంతువులు నిశ్చింతగా రోడ్డు దాటాలని రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ శ్రీశైలం రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు. రాత్రంతా అడవికి ఇచ్చిన ఆ ప్రశాంతతని పగటిపూట వడ్డీతో సహా వసూలు చేసుకుంటున్నాం.

సరే, పాట అయిపోతుంది, బ్యాటరీ చచ్చిపోతుంది. సీసా అలా కాదు. నిండుగా ఉన్న సీసాని 350 మెట్లు దింపిన చేతులు ఖాళీ సీసాని పైకి ఎక్కించలేవు. ఆ బరువు ఎక్కడి నుంచి వస్తుందో ఏ ఫిజిక్సు మాస్టారూ చెప్పలేడు. అందుకని ఏడుపు బ్యాచ్‌లో ఒకడు లేచి, గురి చూసి, ఖాళీ సీసాని ఎదురు బండకేసి కొట్టాడు. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. పెంకులు నీళ్ళలో పడ్డాయి.

నీళ్ళలో గాజు కనపడదురా. నీ కాళ్ళకి బూట్లున్నాయి. తేనెకీ, బంకకీ, గడ్డలకీ ఆ అడవంతా తిరిగే చెంచు పిల్లాడికి లేవు. ఎలుగుబంటికి లేవు. నీళ్ళకొచ్చే దుప్పికి లేవు. దానికి గుచ్చుకుంటే పీకేవాడెవడు? కుంటుకుంటూ పోయి ఏ పొదలోనో పడి చస్తుంది, నీకు తెలియను కూడా తెలియదు. అభయారణ్యంలో చెత్త వెయ్యడం నేరమని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రాసుంది. చట్టం దాకా ఎందుకు? మీ అమ్మ వంటింట్లో ఒక గ్లాసు పగిలితే ఇంట్లో అందర్నీ ఎక్కడివాళ్ళని అక్కడ నిలబెట్టి, మూడుసార్లు ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, అప్పుడు అడుగు వెయ్యనిస్తుంది. ఆ ఇంట్లోంచేగా వచ్చావు?

ఇదంతా నేను అక్కడ అనలేదు. ఇంటికొచ్చాక అంటున్నాను. అక్కడ చేసిందల్లా, గోనెసంచి పట్టుకుని వంగి పెంకులు ఏరుతున్న ఒక చెంచు పెద్దాయన పక్కన కూర్చుని నాలుగు ముక్కలు ఏరడం. రోజూ ఏరతావా అని అడిగాను.

"రోజూ ఎందుకు సార్? సోమారం సోమారం ఏరుత. ఆదివారం మీరొస్తరు గదా. ఇయ్యాల జల్ది వచ్చిన."

మీరు అన్నాడు. నన్నూ కలిపే అన్నాడు.

పైకి ఎక్కేటప్పుడు ఆ కర్ర కుర్రాడు ఐదు మెట్లకోసారి కూలబడుతూ కనిపించాడు. మంచినీళ్ళు ఇచ్చాను. మర్నాడు నాకొక వీడియో వచ్చింది. మా అల్లుడు పంపాడు, "మామయ్యా, ఈ ప్లేస్ చూశారా, ఎంత ప్రశాంతంగా ఉందో" అని. అదే కుర్రాడు. అదే బండ మీద పద్మాసనం వేసి, కళ్ళు మూసుకుని, ధ్యానంలో ఉన్నాడు. వెనక జలపాతం. స్పీకర్ లేదు, సీసాలు లేవు. నీళ్ళ చప్పుడు కూడా లేదు. దాన్ని తీసేసి, ఆ స్థానంలో వేణుగానం పెట్టాడు. కింద రాశాడు: "ఎవరికీ తెలియని చోటు. దయచేసి ఎవరికీ చెప్పకండి." ఆ పక్కనే మ్యాప్ లింకు.