ప్రీమియం సత్యం, ప్రమాదం మిథ్య

నా కుడి మోకాలి కింద ఒక ఉక్కు రాడ్డు, దాన్ని పట్టుకుని నాలుగు స్క్రూలు ఉన్నాయి. ఇవి ఉన్న సంగతి నాకూ, నా భార్యకూ, ఆపరేషను చేసిన డాక్టరుకూ తెలుసు. ముసురు పట్టిన రాత్రుల్లో నా మూలుగులు వినే ఇరుగుపొరుగు వాళ్లకూ తెలుసు. నన్ను గుద్దిన టాటా ఏస్‌కు థర్డ్ పార్టీ పాలసీ అమ్మిన బీమా కంపెనీకి మాత్రం మూడేళ్లుగా తెలియడం లేదు.

నా క్లెయిము పిటిషనుకు ఆ కంపెనీ వేసిన కౌంటరులో నాలుగో పేరా సారాంశాన్ని పాఠకుల వివేకవృద్ధి కోసం ఇక్కడ చెబుతున్నాను. అసలు ప్రమాదమే జరగలేదు. జరిగినా ఆ బండి వల్ల కాదు. ఆ బండి వల్లనే అయినా డ్రైవరు తప్పు లేదు. డ్రైవరుదే తప్పయినా అతనికి తగిన లైసెన్సు లేదు. లైసెన్సు ఉన్నా పిటిషనరుకు గాయాలు కాలేదు. అయినా అవి స్వల్పమైనవి. తీవ్రమైనవే అయినా పూర్తిగా మానిపోయాయి. మానకపోయినా అడిగిన సొమ్ము అత్యాశతో కూడినది. కాబట్టి పై విషయాలన్నిటినీ పిటిషనరు కచ్చితమైన రుజువులతో నిరూపించుకోవలసిందే.

మొదటిసారి చదివినప్పుడు కోపం వచ్చిన మాట నిజమే కానీ, నాలుగైదుసార్లు చదివాక చేతులు జోడించాలనిపించింది. బ్రహ్మ సత్యం జగన్మిథ్య అని తేల్చడానికి ఆదిశంకరులు అన్ని భాష్యాలు రాయవలసి వచ్చింది, దేశమంతా కాలినడకన తిరగవలసి వచ్చింది. మా కంపెనీ వారి ప్యానెల్ లాయరుగారు అదే పనిని ఒక్క పేరాలో, పిటిషనరు పేరు ఖాళీలో నింపుకొనే నమూనా కాగితం మీద ముగించారు. బండి మిథ్య, డ్రైవరు మిథ్య, కాలు మిథ్య, ప్రీమియం ఒక్కటే సత్యం.

ఆ మిథ్య 2023 ఫిబ్రవరిలో, చిలకలూరిపేట దాటాక హైవే పక్క సర్వీసు రోడ్డు మీద, మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, వేసుకుని గుంటూరు యార్డుకు పోతూ, ఎదురుగా వచ్చి నా స్కూటరును గుద్దింది. ఒక టిక్కీ జారి నా మీదే పగిలింది. ఆసుపత్రిలో ప్యాంటు కత్తిరించిన కుర్రాడు మడతల్లోంచి గుప్పెడు మిరప గింజలు దులిపి, చేయి కళ్లకు తగలడంతో అరగంట కుళాయి దగ్గరే నిలబడిపోయాడు. అతన్ని సాక్షిగా పిలిపించమని మా లాయరుగారిని అడిగాను. మిథ్యకు అంత ఘాటు ఉండదని కోర్టువారు గ్రహిస్తారన్నది నా ఆశ. ఆయన నవ్వి, ఎఫ్ఐఆర్, చార్జిషీటు, గాయాల సర్టిఫికెట్, బ్రేకు ఇన్‌స్పెక్టరుగారి నివేదిక దాఖలు చేశారు. నాలుగూ ప్రభుత్వ కాగితాలే కాబట్టి కంపెనీ వాటినీ నమ్మలేదు.

లైసెన్సు గోల మరీ ముచ్చటైనది. డ్రైవరుకు తేలికపాటి వాహనాల లైసెన్సు ఉంది కానీ దాని మీద రవాణా వాహనం నడిపే బ్యాడ్జి లేదట. 7,500 కిలోలకు లోపు రవాణా వాహనానికి ఆ లైసెన్సే చాలునని సుప్రీంకోర్టు 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో చెప్పింది. బీమా కంపెనీలు మనసు ఒప్పక మళ్లీ కదిలిస్తే, 2024 నవంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మాటనే ఖాయం చేసింది. మా కంపెనీకి ఆ కబురు ఇంకా చేరినట్టు లేదు. బహుశా ఆ తీర్పును కూడా నేనే నిరూపించుకోవాలి.

చట్టం కాలం విషయంలోనూ ఎంతో న్యాయంగా ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, 2022 ఏప్రిల్ 1 తరువాత కాలు విరిగినవాడు ఆరు నెలల్లో పిటిషను వేసుకోవాలి. అదే చట్టంలో బీమా కంపెనీకీ ఒక గడువు ఉంది: ప్రమాదం సంగతి తెలియగానే ఒక అధికారిని నియమించాలి, ఆయన పరిహారం ఎంతిస్తారో ముప్పై రోజుల్లో ట్రిబ్యునలు, అంటే ఈ క్లెయిములు విచారించే కోర్టు, ముందు చెప్పవచ్చు. నేను నాలుగో నెలలో, మంచం మీద పడుకునే సంతకం పెట్టాను. కంపెనీవారి ముప్పై రోజులు మాత్రం మూడో ఏట ప్రవేశించి, దేవతల రోజుల లెక్కన నింపాదిగా నడుస్తున్నాయి.

ఇక నా క్రాస్ ఎగ్జామినేషను సంగతికి వస్తాను. కోర్టు హాలు రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు, మెట్లు నలభై ఒకటి. ఈ లెక్క ఇంత కచ్చితంగా నాకు ఎలా తెలుసునో అడగవలసిన అవసరం లేదు.

“ఈరోజు కోర్టుకు ఎలా వచ్చారు?” అన్నారు కంపెనీ లాయరుగారు.

“ఆటోలో వచ్చానండి.”

“ఆటో రెండో అంతస్తుకు రాలేదు కదా?”

“రాలేదండి.”

“అంటే మెట్లెక్కి వచ్చారన్నమాట.”

“మా బావమరిది భుజం పట్టుకుని, అంతస్తుకోసారి కూర్చుని...”

“ఎక్కారా, లేదా? అది చెప్పండి.”

“ఎక్కాను.”

నేను ఈ రోజు మెట్లు ఎక్కి కోర్టుకు వచ్చిన మాట వాస్తవమే అని సాక్ష్యం టైపయింది. బావమరిది భుజం అందులోకి ఎక్కలేదు. నేను మెట్లెక్కితే కాలు బాగున్నట్టు; ఎక్కకపోతే హాజరు కానట్టు, పిటిషను కొట్టివేత. కాలు చెడిందని నిరూపించుకోవాలంటే రాకూడదు, నిరూపించుకోవాలంటే రావాలి.

అంతలో ఒక ఫొటో తీసి చూపించారు. మా ఇంటి గేటు దగ్గర, చేతిలో స్టీలు గ్లాసుతో, నేను నిటారుగా నిలబడి నవ్వుతున్నాను. అప్పుడు గుర్తుకొచ్చింది: కిందటి వేసవిలో ఒక పెద్దమనిషి, బీమా కంపెనీ పంపింది, మీ పని త్వరగా పూర్తి చేద్దామని వచ్చాడు. ఎండన పడి వచ్చాడు కదా అని చేతికర్ర గోడకు ఆనించి, నేనే లోపలి నుంచి కాఫీ తెచ్చి ఇచ్చాను. గ్లాసు అందుకోబోయేముందు ఆయన ఎందుకో ఫోను తీశాడు. ఆ ఫొటోయే ఇప్పుడు ఎగ్జిబిట్ బి-2. చేతికర్ర ఫొటోలో లేదు. కాఫీ మాత్రం స్పష్టంగా, నురగతో సహా ఉంది.

ఇంతవరకూ ఏదో వేళాకోళంగా రాసుకొచ్చాను. నాకు జీతం ఉంది, మెడికల్ లీవు ఉంది, ఇలా రాసుకోవడానికి తీరిక ఉంది. వాయిదాల్లో నా పక్కన బల్ల మీద కూర్చునే ఆవిడకు ఇవేవీ లేవు. ఆవిడ కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి ముచ్చికలు తీసే కూలీ. షేరాటో తిరగబడి కుడిచేతి మూడు వేళ్లు నలిగిపోయాయి. ముచ్చిక తుంచాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలవాలి, ఆవిడకు కలవవు. చేయి పోయిన గుమాస్తాకూ, వడ్రంగికీ నష్టం ఒకటి కాదని, వైకల్యపు శాతం కాదు, సంపాదన ఎంత పోయిందో చూడాలని సుప్రీంకోర్టు రాజ్‌కుమార్ కేసులో 2010లోనే చెప్పింది. కంపెనీ లాయరు ఆవిడను అడిగిన ప్రశ్నలు రెండు. నీ జీతానికి రుజువు ఏది? పర్మిట్ ముగ్గురికే ఉన్న ఆటోలో నువ్వు ఎన్నో మనిషివి?

ఎన్నో మనిషి! కిలోల లెక్కన కూలి తీసుకునే మనిషి జీతపు కాగితం ఎక్కడి నుంచి తెస్తుంది? తెల్లవారుజామున పదిమందితో పాటు ఒకళ్ల ఒళ్లో ఒకళ్లు కూర్చుని పనికి పోయే మనిషి, ఎముకలు విరిగే ముందు వరుస సంఖ్య వేసుకుని కూర్చోవాలా? ఆ ఆటోకు పాలసీ అమ్మిన నాడు ఈ ప్రశ్న ఎవడైనా అడిగాడా? సిగ్గు లేదా వీళ్లకు? ఆవిడ బిత్తరపోయి జడ్జిగారి వైపు చూసి, “చివర్లో ఎక్కానండి,” అంది నిజాయితీగా. లోక్ అదాలత్‌లో అరవై వేలకు సర్దుకోమన్నారట. “తీసుకోమంటారా బాబూ? వడ్డీలు పెరుగుతున్నాయి,” అని నన్ను అడిగింది. నా నోట మాట రాలేదు. ఈ కంపెనీల దగ్గర డబ్బు లేక కాదు, ఆవిడ దగ్గర రోజులు లేవని తెలిసే వాయిదాలు అడుగుతారు.

అదే రోజు సాయంత్రం నా స్కూటరు పాలసీ గడువు ముగుస్తోందని ఫోనుకు సందేశం వచ్చింది. 714 రూపాయలు, పైన పన్ను. స్కూటరు ఉందా, నేను ఉన్నానా, కచ్చితమైన రుజువులు చూపమని ఎవరూ అడగలేదు. కట్టిన పది సెకన్లలో రసీదు వచ్చేసింది.

వచ్చే వాయిదాకు కంపెనీ తరఫు సాక్షిగా ఆ కాఫీ పెద్దమనిషే వస్తున్నాడట. ఆయన్ను మా లాయరుగారు ఏమేమి అడగాలో నేను కాగితం మీద రాసి పెట్టుకున్నాను. మా ఆవిడ మాత్రం ఆ రోజు పాలు పొంగినంత సేపు తాను పొయ్యి దగ్గరే నిలబడ్డ మాట వాస్తవమేనని, ఆ కాఫీ ఖరీదు కూడా క్లెయిములో కలిపి అడగమని అంటోంది.