బెన్స్ జోన్స్ ప్రొటీన్: ఒక చీటీ, ఒక పరీక్షనాళిక

1845 నవంబరు 1న లండన్‌లో డాక్టర్ హెన్రీ బెన్స్ జోన్స్‌కు ఒక పరీక్షనాళిక, దానితోపాటు డాక్టర్ థామస్ వాట్సన్ రాసిన చీటీ అందాయి. నాళికలో ఉన్నది ఎముకలు మెత్తబడిపోతున్న ఒక వ్యాపారి మూత్రం. మరిగిస్తే కాస్త మసకబారుతోంది. నైట్రిక్ యాసిడ్ పోస్తే పొంగి, ఎర్రబడి, తేటపడుతోంది. చల్లారితే గడ్డకడుతోంది, వేడిచేస్తే మళ్లీ కరుగుతోంది. ఇదేమిటని వాట్సన్ ప్రశ్న.

ఉడికిన గుడ్డు తెల్లసొన మళ్లీ నీరు కాదు. రక్తంలోని ప్రధాన ప్రొటీన్ ఆల్బుమిన్‌దీ అదే గుణం. నాళికలోది ఆ దారిలో లేదు. పరీక్ష సరిగ్గా చేయలేదేమోనని పక్కన పెట్టేయడం చాలా తేలిక. జోన్స్ అలా వదల్లేదు. 1841లో జర్మనీలోని గీసెన్‌లో రసాయన శాస్త్రవేత్త లీబిగ్ దగ్గర రసాయనశాస్త్రం నేర్చిన వైద్యుడాయన, తూచి చూశారు. వెయ్యి పాళ్ల మూత్రంలో ఆ పదార్థం సుమారు 67 పాళ్లు! ఆరోగ్యవంతుడి రక్తంలో ఆల్బుమిన్ ఎంత ఉంటుందో దాదాపు అంత. ఇలాంటి రోగుల్లో దీనికోసం మళ్లీ వెతకాలని కూడా రాశారు. నా దృష్టిలో ఆయన అసలు ఘనత ఈ తూకమూ, ఈ సూచనా.

అయితే ఇప్పుడు బెన్స్ జోన్స్ ప్రొటీన్ అంటున్న ఆ పదార్థాన్ని జోన్స్ ఆల్బుమిన్ ఆక్సైడ్ అనుకోవడం పొరపాటు. అది మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్‌లో మజ్జ కణాలు అతిగా తయారుచేసే యాంటీబాడీ లైట్ చెయిన్ (యాంటీబాడీలోని చిన్న గొలుసు) అని 1962లో శాస్త్రవేత్తలు ఎడెల్మన్, గాలీ చూపారు. చిన్న అణువు కాబట్టి కిడ్నీ వడపోతను సులువుగా దాటేస్తుంది.

పాత వేడి పరీక్ష ఇలా: మూత్రాన్ని వడగట్టి, పీహెచ్ 5 దగ్గరికి తెచ్చి, 56 డిగ్రీల నీళ్లలో 15 నిమిషాలు ఉంచితే తెల్లటి మడ్డి కడుతుంది. మరిగిస్తే కరిగిపోతుంది. ఆల్బుమిన్ కూడా ఉంటే అది మరుగులోనూ కరగక ఫలితాన్ని కప్పేస్తుంది. అందుకే వేడివేడిగానే వడగట్టి, తేట ద్రవం చల్లారేటప్పుడు మళ్లీ మసకబారుతుందా అని చూడాలి. ప్రొటీన్ తక్కువగా ఉంటే ఈ పరీక్షకు దొరకదు. మూత్రంలో ముంచి చూసే పరీక్ష పట్టీ, డిప్‌స్టిక్, ప్రధానంగా ఆల్బుమిన్‌కే రంగు మారుతుంది కాబట్టి, అందులో నెగెటివ్ వచ్చిందని మైలోమా అనుమానాన్ని వదిలేయకూడదు. ఇప్పుడు ఇలాంటి ప్రొటీన్‌ను, దాని రకాన్ని గుర్తించే ఇమ్యునోఫిక్సేషన్, రక్తంలో ఫ్రీ లైట్ చెయిన్ పరీక్షలు చేయించాలి.

ఒక్క విషయంలో మాత్రం న్యాయం జరగలేదు. ఆ మూత్రాన్ని మొదట మరిగించి, ఈ వింతను గమనించి, వాట్సన్‌లాగే జోన్స్‌కు నమూనా పంపినవారు రోగిని చూస్తున్న డాక్టర్ విలియం మెకింటైర్. ఆయన వ్యాసం 1850లో గానీ అచ్చుకాలేదు. జోన్స్ వ్యాసాలు 1847, 1848లోనే వచ్చేశాయి.