రెండు రిలేలకు లక్షా పదివేలా?

ఇప్పుడే ఎస్టిమేటు వచ్చింది. ఊళ్లో పేరున్న పాతకార్ల షెడ్డు అది. కాఫీ ఇస్తారు, ఏసీ గదిలో కూర్చోబెడతారు. నేను అడిగింది ఒక్కటే: "హెడ్‌లైట్లు మసకగా ఉన్నాయి, చూడండి." వైరింగ్ మొత్తం కొత్తది వేయాలట, ఆల్టర్నేటర్ మార్చాలట, లైట్లు ఎల్‌ఈడీ చేయాలట. లక్షా పదివేలు, పైన జీఎస్టీ. కింద ఒక నవ్వు బొమ్మ కూడా పెట్టారు. ఎవరిని చూసి నవ్వుతున్నారో!

అయ్యా, నా బండి 1970ల నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. హెడ్‌లైట్లకు వెళ్లే కరెంటంతా డ్యాష్‌బోర్డు స్విచ్చుకు వచ్చి, స్టీరింగ్ పక్కన హైబీము, లోబీము మార్చే డిప్ స్విచ్చు దాటి, యాభై ఏళ్లనాటి సన్న తీగల్లో పడి మళ్లీ బండి ముక్కు దాకా పోవాలి. దారిలో ప్రతి జాయింటూ మామూలు తీసుకుంటుంది. బల్బు దగ్గర వోల్టేజీ పదో వంతు తగ్గితే చాలు, వెలుగు దాదాపు 30 శాతం పోతుంది. దీనికి మందు రెండు రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు: ఒకటి హైబీముకు, ఒకటి లోబీముకు. రిలే 30వ పిన్నుకు ఫ్యూజు మీదుగా బ్యాటరీ నుంచి మందపాటి తీగ, 87 నుంచి బల్బుకు, 86కు పాత స్విచ్చు తీగ, 85 ఎర్తుకు. అయిపోయింది. సికింద్రాబాదు రాణిగంజ్‌లో రిలేలు, ఫ్యూజు హోల్డర్లు, తీగ అన్నీ కలిపి వెయ్యి రూపాయలు కూడా దాటవు. ముందుగా ఎర్తు జాయింట్లను గరుకు కాగితంతో రుద్దితే సగం జబ్బు అక్కడే కుదురుతుంది. దానికి ఎస్టిమేటు రాయలేరు కదా, అందుకే గుర్తుకు రాదు.

ఈ మహానుభావులే నిరుడు క్రోమ్ బంపరుకు అద్దంలా మెరుగు పెట్టి బిల్లు వేశారు. దాని వెనకే, వేడి ఇంజను పక్కనే, పగుళ్లిచ్చిన పెట్రోలు గొట్టాన్ని అలాగే వదిలేశారు. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరును అది తినేస్తుంది. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టం, నాలుగు క్లిప్పులు, ఒక ఫిల్టరు. ఎంతవుతుంది? వాళ్ల కాఫీ ఖర్చు అంత.

అయినా వీళ్లను నేను ఎప్పటికీ క్షమించనిది ట్రనియన్ విషయంలో. ముందు చక్రం స్టీరింగుతో పాటు తిరిగేది ఆ ఇత్తడి ముక్క మీదే. అందులో పోయాల్సింది ఇపి 90 గేర్ ఆయిలు అని కంపెనీ మాన్యువల్లోనే ఉంది. వీళ్లేమో గన్ను పెట్టి గ్రీజు కుక్కారు! గ్రీజు ఆ ముక్క లోపలి మర చుట్ల దాకా దిగదు. నీరు చేరుతుంది, అందులో తిరిగే ఉక్కు కడ్డీ తుప్పు పడుతుంది, ఒకనాడు విరిగి చక్రం మడత పడుతుంది. 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారుకూ ఇదే ఏర్పాటు, స్పిట్‌ఫైర్ పుట్టిందే ఆ ఛాసిస్ నుంచి. అప్పట్లో హెరాల్డ్‌లు బాగుచేసిన ముసలి మేస్త్రీని ఎవరినైనా అడగండి, నిద్రలో లేపినా "ఆయిలు" అంటాడు. ఏసీ గదిలో కాఫీ ఇచ్చేవాళ్లకు మాత్రం తెలియదు.

మరి నేను అక్కడికి ఎందుకు వెళ్లాల్సి వచ్చింది? మా అపార్టుమెంటు పుణ్యం. సెల్లార్లో మరమ్మతులు చేస్తే జరిమానా అని లిఫ్టు పక్కన నోటీసు అంటించారు. స్పానరు శబ్దానికి పిల్లల చదువులు పాడవుతాయట. ఎండాకాలంలో ట్యాంకరు కోసం ఇంటికింత అని చందాలు వసూలు చేస్తూ, రోజూ పొద్దున్నే ఆ నీళ్లతోనే సెక్రటరీ గారి ఏనుగంత బండిని పైపు పెట్టి కడిగిస్తే ఎవరి చదువూ పాడవదు. ఆ బండి లైట్లు ర్యాంపు మీద ఎదురైతే నా కళ్లు పోతాయి, అది వేరే సంగతి. పోయిన ఏడాది కార్బురేటరు డాష్‌పాట్‌లో నాలుగు చుక్కల నూనె వేస్తుంటే ఆయన ఫోటో తీసి గ్రూపులో పెట్టారు, "మన సెల్లార్ మెకానిక్ షెడ్డు కాదు" అని. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. మూడో అంతస్తు వాళ్లు రెండుసార్లు పెట్టారు.

ఈ ఆదివారం పొద్దున్నే సెల్లార్లోనే రిలేలు వేస్తున్నాను. స్పిట్‌ఫైర్ బానెట్ ముక్కుతో సహా మొత్తం పైకి లేస్తుంది, టైరు మీద దర్జాగా కూర్చుని పని చేసుకోవచ్చు. సెక్రటరీ గారూ, రసీదు పుస్తకం పట్టుకుని రండి. వచ్చేటప్పుడు ట్యాంకర్ల లెక్క కూడా తీసుకురండి.