వంద మీటర్ల ధర్మసూక్ష్మం

ఈ దేశంలో నిష్పాక్షికత ఎక్కడైనా బతికుందా అని నిట్టూర్చేవాళ్లు మద్యం దుకాణాల లక్కీ డ్రా ఒక్కసారి చూసి రావాలి. కలెక్టరు గారి ఆధ్వర్యంలో, నిండు సభలో, అందరి కళ్లముందూ టోకెన్ తీస్తారు. నంబరు చదువుతారు. అంతే, ఫలానా వీధిలో రాబోయే రెండేళ్ల సాయంత్రాలు ఎలా గడవాలో తేలిపోయినట్టే. చదువెంత అని అడగరు, అనుభవం ఉందా అని అడగరు. ఆ వీధిలో ఎవరు కాపురం ఉంటున్నారో, వాళ్లకు ఎన్నింటికి నిద్ర పడుతుందో అసలే అడగరు. అడిగితే పక్షపాతం చూపినట్టవుతుంది మరి.

2025 అక్టోబరులో జరిగిన డ్రానే తీసుకోండి. తెలంగాణ రాష్ట్రమంతటా 2,620 దుకాణాలు. వాటికి వచ్చిన దరఖాస్తులు 95,137. ఒక్కోదానికి రుసుము 3 లక్షలు, దుకాణం తగిలినా తగలకపోయినా తిరిగి రాదు. గుణించి చూస్తే 2,854 కోట్లు. ఒక్క క్వార్టర్ మూత తియ్యకుండానే! ఇందులో దుకాణం దక్కని దరఖాస్తులు ఇచ్చుకున్నదే సుమారు 2,775 కోట్లు. తాగినవాళ్ల వల్ల నడిచే ఖజానాలు లోకంలో చాలా ఉంటాయి. కనీసం అమ్మలేకపోయినవాళ్ల వల్ల కూడా నిండే ఖజానా మనది. 2023లో రుసుము 2 లక్షలే ఉన్నప్పుడు 1,31,954 దరఖాస్తులు వచ్చాయి, 2,639 కోట్లు రాలాయి. రుసుము పెంచాక దరఖాస్తులు తగ్గాయి, రాబడి పెరిగింది. జనం తాకిడి తగ్గించి ఆదాయం పెంచిన శాఖ ఇంకొకటి ఉంటే చెప్పండి, దండేసి వస్తాను.

సామాజిక న్యాయం కూడా మరవలేదు. దుకాణాల కేటాయింపులో గౌడ సోదరులకు 15 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్లు ఉన్నాయి. న్యాయమే. పక్కింటివాళ్లకు మాత్రం సున్నా శాతం. అది కూడా న్యాయమే అనుకోవాలి. పక్కింటివాడు వెనుకబడిన వర్గమని ఏ కమిషనూ ఇంతవరకు తేల్చలేదు.

ఇంగ్లండులో ఉంటున్న మా బావమరిదికి ఈ సామర్థ్యం అర్థం కాదు. వాళ్ల వీధి చివర ఎవరో బారు పెడతామన్నారట. ముందు ఆ షాపు అద్దానికి లేత నీలం కాగితం మీద నోటీసు అంటించాలట. 28 రోజులు అది అలాగే ఉండాలట. ఈలోపు ఇరుగుపొరుగు ఎవరైనా అభ్యంతరం రాసి పంపొచ్చట. పంపితే స్థానిక కౌన్సిల్ సభ్యులు ముగ్గురు కూర్చుని, అటు యజమాని మాట, ఇటు పక్కింటి ముసలావిడ మాట విని, "వెనక పెరట్లో రాత్రి తొమ్మిది తర్వాత ఎవరినీ కూర్చోబెట్టకూడదు" లాంటి షరతులు పెట్టి అప్పుడు లైసెన్సు ఇస్తారట. 2003 నాటి చట్టంలో నాలుగే లక్ష్యాలు రాసుకున్నారు: నేరాలు పెరగకూడదు, జనానికి ప్రమాదం ఉండకూడదు, చుట్టుపక్కలవాళ్లకు ఇబ్బంది కాకూడదు, పిల్లలకు హాని జరగకూడదు. వాడు గర్వంగా చెబుతుంటే జాలేసింది. ఒక్క బారుకు 28 రోజులా? మనం ఒక్క పూటలో రాష్ట్రం మొత్తం తేల్చేస్తున్నాం. మన లక్ష్యం కూడా ఒకటే కాబట్టి గందరగోళం లేదు.

అలాగని మన ప్రభుత్వానికి గుడి, బడి, ఆస్పత్రి పట్టవని కాదు. వాటికి వంద మీటర్ల లోపు దుకాణం ఉండకూడదని నిబంధన స్పష్టంగానే ఉంది. కాకపోతే ధర్మం ఎప్పుడూ సూక్ష్మంలో ఉంటుంది. గుడి అంటే దేవాదాయ శాఖలో నమోదైన గుడి. మసీదు అంటే వక్ఫ్ బోర్డులో నమోదైన మసీదు. కాబట్టి బస్తీ మలుపులో వేపచెట్టు కింద మూడు తరాలుగా బోనం అందుకుంటున్న పోచమ్మ తల్లికి చట్టం దృష్టిలో చిరునామా లేదు. ఆమె ఎదురుగా వైన్స్ పెట్టుకోవచ్చు. (కల్లు సాక అందుకునే తల్లి కాబట్టి ఆమెకు అభ్యంతరం ఉండకపోవచ్చు కూడా. అభ్యంతరమల్లా నెత్తిన బోనమెత్తుకుని ఆ మలుపు తిరగాల్సిన ఆడవాళ్లది. వాళ్లూ ఏ శాఖలోనూ నమోదు కాలేదు.)

ఆస్పత్రి ప్రైవేటుదైతే కనీసం 30 పడకలుండాలి. 29 పడకల నర్సింగ్ హోంలో సెలైన్ ఎక్కించుకుంటున్నవాళ్లంతా చట్టరీత్యా ఆరోగ్యవంతులే. బడి అంటే సర్కారు గుర్తింపు ఉన్న బడి. సాయంత్రం ఆరింటికి, అంటే వైన్స్ ముందు బండ్లు నిలిపే చోటు దొరకని వేళకు, నలభై మంది పిల్లలు సైకిళ్ల మీద వచ్చే ట్యూషన్ బడి కాదు.

ఇక కొలత. దీన్ని రాసినవారెవరో గానీ న్యాయశాస్త్రమూ జ్యామితీ రెండూ అవపోసన పట్టినవారు. దుకాణం ద్వారం సరిగ్గా మధ్య నుంచి మొదలుపెట్టాలి. అవతలి సంస్థకు ప్రహరీ ఉంటే దగ్గరి గేటు మధ్య వరకు, ప్రహరీ లేకపోతే దగ్గరి ద్వారం మధ్య వరకు కొలవాలి. గాలిలో గీత గీసినట్టు కాదు, పాదచారి మామూలుగా నడిచే దగ్గరి దారి వెంట కొలవాలి. అందువల్ల బడి కిటికీలోంచి రేట్ల బోర్డు చదవగలిగినా సరే, మధ్యలో గోడ ఉండి గల్లీ చుట్టి రావాల్సి వస్తే వంద దాటినట్టే. బడి పక్క గేటును ఎవరైనా ఇటుకలు పేర్చి మూసేశారనుకోండి, ఒక్క రాత్రిలో ఆ బడి నలభై మీటర్లు వెనక్కి జరుగుతుంది. పిల్లలకు ఆ సంగతి తెల్లారి తెలుస్తుంది.

కొలిచే రోజు ఏ కాలనీలోనైనా చూడదగ్గ ఘట్టం. ఒకాయన షట్టరు దగ్గర టేపు కొస నేలకు అదిమి కూర్చుంటాడు. రెండో ఆయన డ్రైనేజీ మూత తప్పించుకుంటూ, పార్క్ చేసిన ఆటో చుట్టూ తిరిగి, టేపు విప్పుకుంటూ పోతుంటాడు. ఆటో చుట్టూ తిరిగితే రెండు మీటర్లు కలిసొస్తుంది. వెనక పదిమంది ఆడవాళ్లు నడుస్తుంటారు.

"సార్, గీ గల్లీల పిల్లలు ట్యూషన్‌కు పోతరు. రాత్రి తొమ్మిదిగ్గాని తిరిగి రారు."

"అమ్మా, ట్యూషన్ రూల్స్‌ల లేదమ్మా."

"మరి మేమున్నం గద సార్?"

"మీరు కూడ లేరమ్మా."

ఆ ఉద్యోగి అబద్ధమాడలేదు. నిబంధన మొత్తం భూతద్దం పెట్టి వెతికినా ఇల్లు అన్న మాట ఆ జాబితాలో కనిపించదు. దేవుడికి దూరం ఉంది, చదువుకు దూరం ఉంది, రోగానికి దూరం ఉంది. కాపురానికి మీటరు కూడా లేదు.

నాకు ఒకే ఒక్క సవరణ తోస్తోంది. "పాదచారి మామూలుగా నడిచే దారి" అన్నారు కదా, ఏ పాదచారి? దుకాణంలోకి వెళ్తున్నవాడా, పర్మిట్ రూంలోంచి వస్తున్నవాడా? వెళ్లేటప్పుడు బాణంలా వెళ్తాడు, వంద మీటర్లు వందే. వచ్చేటప్పుడు ఎడమ గోడ నుంచి కుడి గోడకు, కుడి గోడ నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు, అక్కడ కాసేపు విశ్రాంతి, మళ్లీ ఎడమకు. ఆ లెక్కన పది అడుగుల అవతల ఉన్న బడి కూడా హాయిగా వంద దాటుతుంది. ఈ సవరణ తెస్తే కొలత వివాదాలు పూర్తిగా సమసిపోతాయి.

అయినా దూరం విషయంలో మనమే నయం. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మందు అమ్మకూడదని తీర్పిచ్చింది. వెంటనే కొన్ని రాష్ట్రాలు రహదారులనే ఊరి రోడ్లుగా మార్చి రాసుకున్నాయి. దుకాణం అంగుళం కదల్లేదు, హైవేనే మర్యాదగా తప్పుకుంది. మరుసటి ఏడాది 2017లో నగరపాలక పరిధుల్లో ఆ తీర్పు వర్తించదని కోర్టే స్పష్టం చేసింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఇంత జరిగాక కాలనీవాళ్లు అలవాటు కొద్దీ కార్పొరేటరు ఇంటికి వెళ్తారు. పాపం, కార్పొరేటరు చేతిలో ఏముంది? లైసెన్సు ఇచ్చేది ఎక్సైజ్ శాఖ. ఓటు వేయించుకున్నవారికి వీధి దీపాలు, కుక్కలు, నాలా పూడిక దాకానే అధికారం. కాకపోతే స్థానిక సంస్థకు పాత్రే లేదనడం అన్యాయం. తెల్లవారుజామున మున్సిపాలిటీ స్వచ్ఛ ఆటో వచ్చి, గోడవార పడున్న సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు, పల్లీల పొట్లాలు ఊడ్చుకుపోతుంది. లైసెన్సు మంజూరులో లేని భాగస్వామ్యం చెత్త ఏరడంలో నూటికి నూరు శాతం ఉంది.

ఒకప్పుడు వేరుగా ఉండేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు, ఉద్యమం జిల్లాలు దాటింది, సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993లో సారా పోయింది, 1995లో మొత్తం మందే పోయింది, 1997లో మందు తిరిగొచ్చింది. పాలకులు అప్పుడు నేర్చుకున్న పాఠం గట్టిదే. వేలంపాటను చీపురుతో అడ్డుకోవచ్చు. టోకెన్‌ను ఏ చీపురుతో అడ్డుకుంటారు?

వైన్స్ సంగతి బస్తీలది. జూబ్లీహిల్స్ వారి బాధ పబ్బులది, బాధకు తగ్గట్టు దాని స్థాయీ ఎక్కువ. బార్లు రాత్రి పన్నెండు దాకా, శుక్ర, శనివారాల్లో ఒంటి గంట దాకా తెరుచుకోవచ్చు. కానీ 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు. మనిషి మామూలుగా మాట్లాడితేనే అరవై దాకా వెళ్తుంది. అంటే పదిన్నరకు పబ్బులో కూర్చుని తాగొచ్చు, మాట్లాడకూడదు. నిజానికి ఇది గొప్ప సంస్కరణ, తాగాక మాట్లాడకుండా ఉంటే సగం కొంపలు నిలబడతాయి. నివాసులు కోర్టుకెక్కితే 2022 సెప్టెంబరులో హైకోర్టు రాత్రి పది తర్వాత పబ్బుల్లో సంగీతం వద్దంది. కొద్ది వారాలకు ధర్మాసనం ఆ ఆంక్షను జూబ్లీహిల్స్‌లోని పది పబ్బులకు పరిమితం చేసింది. అప్పటి నుంచి ఆ పదింట్లో వినిపించేది చప్పుడు, పదకొండోదాంట్లో వినిపించేది సంగీతం. చెవులు తేడా పట్టలేకపోతే అది చెవుల లోపం.

మందు ముట్టనివాళ్లకు రాత్రి ఎంత దాకా ఉంది అనేది ఇంకో ముచ్చట. 2024 జూన్‌లో పదిన్నర, పదకొండు కాగానే పోలీసు బండ్లు మైకుల్లో కేకలేస్తూ టీ కొట్లూ పాన్ డబ్బాలూ మూయించాయి. ఉస్మానియా బిస్కెట్ మత్తెక్కిస్తుందని ఎవరో ఫిర్యాదు చేసి ఉంటారు. ఆగస్టులో అసెంబ్లీలో ముఖ్యమంత్రి గారు చెప్పాకే, మందు తప్ప మిగతా వ్యాపారాలకు ఒంటి గంట దాకా మోక్షం వచ్చింది. బారు నుంచి అదే ఒంటి గంటకు బయటపడ్డవాడికి చెక్‌పోస్ట్ దగ్గర బ్రీత్ అనలైజర్ సిద్ధంగా ఉంటుంది, నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. పోసిందీ సర్కారే, ఊదమన్నదీ సర్కారే. ఒక్క కస్టమర్‌ను రెండుసార్లు వాడుకోవడాన్నే సమన్వయం అంటారు.

దుకాణం మూయించగల శక్తి ఈ నగరంలో ఇద్దరికే ఉంది: పోలీస్ కమిషనర్‌కు, గాంధీగారికి. నిమజ్జనానికి, హోలీకి కమిషనర్ మూయిస్తారు. గాంధీగారు 2025లో సరిగ్గా దసరా నాడే మూయించారు. అక్టోబరు 2న దసరా వచ్చింది మరి. ఒకటో తారీఖు రాత్రి వైన్స్ ముందు కట్టిన క్యూలు చూసినవాళ్లకు, మహాత్ముడి మీద ఈ నగరానికి ఎంత ముందుచూపుతో కూడిన భక్తి ఉందో అర్థమయ్యే ఉంటుంది.

ఇప్పుడిచ్చిన లైసెన్సులు 2027 నవంబరు 30 దాకా నడుస్తాయి. అప్పటిదాకా పక్కింటివాళ్లు ఏం చెయ్యాలన్నది ప్రశ్న. చట్టపుస్తకాలు తిరగేస్తే దారి ఒకటి దొరికింది. 1996 నాటి పెసా చట్టం, ఆదివాసీలుండే షెడ్యూల్డ్ (ఏజెన్సీ) ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని ఆపే, నియంత్రించే అధికారం పంచాయతీలకు, గ్రామసభలకు ఉండాలంటోంది. అంటే ఉట్నూరు దగ్గర ఏదో గూడెంలో చెట్టు కింద కూర్చున్న పెద్దమనుషులకు ఉన్న మాట, కోట్లు పోసి కొన్న విల్లాల వాళ్లకు లేదు. కాబట్టి జూబ్లీహిల్స్‌ను ఏజెన్సీ ప్రాంతంగా ప్రకటించాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను. అర్హతలకు లోటు లేదు. కొండల మీద ఉంటారు, బండరాళ్ల మధ్య ఇళ్లు, చీకటి పడితే రోడ్డు దాటి బయటికి రాలేరు, వాళ్ల గోడు పట్నంలోని అధికారులకు వినపడదు. బస్తీలు కూడా ఇందులో కలిస్తే పోచమ్మ చెట్టు కిందే సభ పెట్టుకోవచ్చు, నీడ బాగుంటుంది.

ఆధార్ కార్డులతో అందరూ రావాలి. సభ ఉందని ముందురోజు గల్లీ గల్లీలో డప్పు వేయించాలి. చాటింపు మాత్రం రాత్రి పదిలోపే కానివ్వండి. పది దాటాక డప్పు కొడితే 45 డెసిబెల్స్ దాటుతుంది, కేసవుతుంది.