ఆకు ఎర్రబడటానికి పట్టిన కాలం

జెండా విషయంలో తొందర పనికిరాదని కెనడాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1867లో డొమినియన్, అంటే బ్రిటిష్ కిరీటం కింద స్వపరిపాలన ఉన్న దేశం, అయింది; 1965లో సొంత జెండా ఎగరేసింది. మనవాళ్లు బిడ్డ పుట్టిన ఇరవయ్యొకటో రోజుకే పేరు పెట్టేసి తొందరపడతారు. కెనడా రాజధాని ఒటావాలోని పెద్దలు అలాంటివారు కారు.

అలాగని చేతులు ముడుచుకు కూర్చోలేదు, కమిటీలు వేశారు. 1925లో ప్రధాని మెకంజీ కింగ్ ఒకటి వేసి, గొడవ రేగగానే అటకెక్కించారు. 1945లో వేసిన రెండోది పాపం నిజంగానే పనిచేసి సిఫారసు కూడా చేసింది. కింగ్ గారు దాన్ని సభలో ఓటుకే పెట్టలేదు. ఈలోగా రెడ్ ఎన్సైన్‌తో రోజులు గడిచాయి. ఒక మూల యూనియన్ జాక్, మరోపక్క కెనడా డాలు ఉండే ఎర్రజెండా అది. 1892లో వర్తక నౌకల కోసమని బ్రిటన్ అనుమతించింది. 1945లో అదే ప్రభుత్వ భవనాల మీదికీ ఎక్కింది, కొత్తది వచ్చేదాకా అన్న షరతుతో. తాత్కాలిక ఏర్పాటుకున్నంత ఆయుష్షు మరిదేనికీ ఉండదు కదా. ఇక ఇప్పుడు జెండా మీద ఎర్రగా కనిపించే మేపుల్ చెట్టు ఆకు సంగతి: 1921లో బ్రిటన్ రాజు అయిదో జార్జి మంజూరు చేసిన కెనడా రాజచిహ్నంలో ఆ ఆకులు పచ్చగా ఉండేవి. వాటిని ఎర్రగా మార్చింది 1957లో. ప్రభుత్వం వారి ఆకు పండటానికి 36 ఏళ్లు.

1964లో ప్రధాని లెస్టర్ పియర్సన్‌కు ధైర్యం వచ్చింది. పోయి పోయి విన్నిపెగ్‌లో మాజీ సైనికుల సభలో, పాత జెండా కింద యుద్ధం చేసినవాళ్ల ముందు, కొత్త జెండా మాటెత్తారు. వాళ్లు హేళనగా అరిచి గోల చేశారు. పియర్సన్ మనసు పడ్డది మూడు మేపుల్ ఆకులు, రెండు నీలిగీతల నమూనా. ప్రతిపక్ష కన్సర్వేటివ్‌ల నేత డీఫెన్‌బేకర్‌కు రెడ్ ఎన్సైనే ప్రాణం. మళ్లీ కమిటీ, ఈసారి 15 మంది. జనం వేల నమూనాలు పంపారు. అందులో బీవర్ బొమ్మ ఉన్నవే 389. చెట్లు కొరికే జంతువును చెట్టు ఆకుతో పోటీకి దించడం ఎంత నిష్పాక్షికత! ఓడిన బీవర్‌ను మరీ చిన్నబుచ్చకుండా 1975లో చట్టం చేసి అధికార చిహ్నం హోదా ఇచ్చారు లెండి.

అక్టోబరు 22న కమిటీ తుది ఓటు. లిబరల్స్ తమ నాయకుడు పియర్సన్ మూడాకులకే వేస్తారన్న లెక్కతో, వాళ్లను ఇరికిద్దామని కన్సర్వేటివ్‌లంతా చరిత్రకారుడు జార్జ్ స్టాన్లీ సూచించిన ఒంటాకు నమూనాకు వేశారు. లిబరల్స్ కూడా ఒంటాకుకే వేశారు. 14–0! అవతలివాణ్ణి దెబ్బతీయడం కోసం ఓటేస్తేనే ఏకగ్రీవం కుదురుతుందన్నది రాజనీతి శాస్త్రానికి కెనడా చేసిన చేర్పు.

తాము ఓటేసిన జెండా మీదే ప్రతిపక్షం సభలో వారాల తరబడి ప్రసంగించింది. చివరికి కన్సర్వేటివ్ సభ్యుడు లియాన్ బాల్సెరే లేచి, ఇక చర్చ మూయించండి మహాప్రభో అని ప్రభుత్వానికి సలహా ఇచ్చాడు. డిసెంబరు 15 వేకువజామున రెండు గంటలకు, దేశమంతా గాఢనిద్రలో ఉండగా, 163–78 ఓట్లతో జెండా నెగ్గింది. అదే నెలలో యూనియన్ జాక్‌ను కూడా రాజభక్తికి గుర్తుగా ఉంచుకుందామని పార్లమెంటు తీర్మానించింది.

1965 ఫిబ్రవరి 15న దించిన రెడ్ ఎన్సైన్ కూడా నిరుద్యోగి కాలేదు. డాలు మార్చుకుని అదే ఏడాది ఒంటారియోలో, మరుసటి ఏడు మానిటోబాలో ప్రావిన్సు జెండాగా కొలువు సంపాదించింది. పియర్సన్‌ను గోల పెట్టిన విన్నిపెగ్ ఆ మానిటోబాకే రాజధాని.